మిషన్ తొక్కే పాదం

అరమీటరు మాస్టారుకి సంతోషం వస్తే వీధి చివరి పాలబూత్ దాకా వినిపిస్తుంది. కోపం వచ్చినా అక్కడికే వినిపిస్తుంది. రెండింటికీ తేడా తెలియాలంటే కొట్టు దాకా వచ్చి చూడాల్సిందే. సంతోషమైతే మాస్టారు నిలబడి ఉంటాడు, కోపమైతే కూర్చుని మిషన్ తొక్కుతూ ఉంటాడు.

ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు. మాస్టారు ఎత్తు మూడడుగుల పది అంగుళాలు. పుట్టుకతోనే చేతులూ కాళ్ళూ పొట్టి, తల పెద్దది. బడికి వెళ్ళే రోజుల్లో తోటిపిల్లలు అరమీటరు అని వెక్కిరించేవాళ్ళు. కుట్టుపని నేర్చుకుని సొంత కొట్టు పెట్టుకున్న రోజున ఆయన పెయింటర్ని పిలిచి, అదే పేరు ఎర్ర రంగుతో బోర్డు మీద రాయించాడు. ‘అరమీటరు టైలర్స్. అర్జెంటు పనులు చేయబడును.’ దాంతో వెక్కిరించేవాళ్ళ నోటికి తాళం పడింది. వాళ్ళలో సగంమంది ఇప్పుడు ఆయన దగ్గరే ప్యాంట్లు కుట్టించుకుంటున్నారు. వాళ్ళ నడుం కొలతలు వీధికంతా వినపడేలా గట్టిగా చదవడమే మాస్టారు తీర్చుకునే పగ.

కొట్టు ఒక గది, దాని వెనక ఇంకో గది. ముందు గదిలో రెండు తొక్కుడు మిషన్లు. మాస్టారు మిషన్ పెడల్ మీద రెండు చెక్కదిమ్మలు మేకులేసి బిగించి ఉంటాయి, కాలు అందడానికి. గోడ పక్కన రెండు మెట్ల పీట ఉంటుంది. కస్టమరు నిలబడితే మాస్టారు ఆ పీట ఎక్కి భుజాలు కొలుస్తాడు, దిగి నడుం కొలుస్తాడు, మళ్ళీ ఎక్కి మెడ కొలుస్తాడు. ఇదంతా నోరు మూసుకుని చేయడం ఆయన వల్ల కాదు. వచ్చినవాడి సంబంధాల గురించీ పొట్ట గురించీ మాట్లాడుతూనే ఉంటాడు.

రెండో మిషన్ దగ్గర ఆయన భార్య కూర్చుంటుంది. కాజాలు, అంచులు ఆవిడ పని. ఆవిడ మామూలు ఎత్తు మనిషి. పెళ్ళికి ముందు ఒక కోటు పట్టుకుని ఈ కొట్టుకి మూడుసార్లు వచ్చింది. ఒకసారి వదులు చేయమంది, ఒకసారి బిగించమంది, ఇంకోసారి మళ్ళీ వదులు చేయమంది. నాలుగోసారి వచ్చినప్పుడు మాస్టారు చేతులెత్తేశాడు.

“దీనికి ఇంకేం చేయాలో నాకు తెలీడం లేదండీ.”

“నాకూ తెలీడం లేదు,” అంది ఆవిడ, కోటు బల్ల మీద పెట్టేసి.

ఆ కోటు ఇప్పటికీ కొట్టులోనే వేలాడుతోంది.

వాళ్ళకో కూతురు పుట్టింది. తండ్రి కొలతే. బొద్దుగా ఉండే పొట్టి చేతులు, ఎత్తయిన నుదురు, పెద్ద తల. పుట్టిన రోజున మాస్టారు గాల్లో తేలిపోయాడు. దారినపోయే వాళ్ళందరినీ ఆపి, “అచ్చం నా కటింగే,” అని చెప్పుకున్నాడు. గుండ్రంగా ఉందని గుండీ అని పిలిచారు, ఆ పేరే నిలిచిపోయింది. ఇలాంటి పిల్లల్ని పెద్దాసుపత్రిలో తరచూ చూపించుకోవాలనీ, తల ఎమ్మారై తీయించాలనీ కాన్పు చేసిన డాక్టరు చీటీ రాసిచ్చాడు. మాస్టారు ఆ చీటీని చాక్‌పీసుల డబ్బాలో పెట్టేశాడు. ఇలాంటి పిల్లల గురించి తనకంటే ఎవడికి తెలుసు? తాను నలభై ఏళ్ళుగా ఆ ఒంట్లోనే కాపురం ఉంటున్నాడు మరి.

గుండీకి ఆరో నెల వచ్చేసరికి మాస్టారు ఒక గొప్ప సంగతి కనిపెట్టాడు. పాప అరికాలి కింద వేళ్ళు పెట్టి పాదాన్ని చటుక్కున పైకి తోసి పట్టుకుంటే, అది టకటకటకా ఆడుతుంది. పైకీ కిందికీ, ఆగకుండా, అచ్చం పెడల్ మీద ఆడే పాదంలా. వేలు తీసేస్తే ఆగిపోతుంది. మాస్టారు ఆ రోజు ఒక పెళ్ళికొడుకు సూటు సగంలో వదిలేసి, పాపని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు.

“చూడండి, నా కూతురు మిషన్ తొక్కుతోంది. ఇంకా కూర్చోవడమైనా రాలేదు, పని నేర్చేసుకుంది.”

అప్పటి నుంచీ కొట్టుకి ఎవరొచ్చినా ముందు గుండీ కాలు చూడాలి, తర్వాతే కొలతలు. పాలబూత్ పెద్దాయనైతే రోజూ పొద్దున్నే పాలపాకెట్టు ఇవ్వడానికి తనే వచ్చి, పాదం నొక్కి, అది టకటకలాడితే, “ఈ రోజు బేరం బావుంటుంది,” అనుకుంటూ వెళ్ళేవాడు. గుండీ మాత్రం తన కాలు తనది కానట్టు ఎటో చూస్తూ ఉండేది. తల ఇంకా నిలబెట్టేది కాదు. నిద్రపోతే మెడ బాగా వెనక్కి వాల్చేది, గురక పెట్టేది, తల కింద గుడ్డ చెమటతో తడిసిపోయేది. మాస్టారు వాళ్ళమ్మ వెనక గదిలో మనవరాలి పక్కనే కూర్చుని, డబ్బాలో గుండీలు రంగుల వారీగా ఏరుతూ ఉండేది. ఎప్పుడు చూసినా ఆవిడ ఎడమ చెయ్యి పాప గుండెల మీదే ఉండేది. ముసలావిడ ముచ్చట అనుకున్నారు అందరూ.

తొమ్మిదో నెలలో ఒక మధ్యాహ్నం నర్సింగ్ స్కూలు నుంచి పన్నెండు మంది అమ్మాయిలు, వాళ్ళ టీచరమ్మా యూనిఫారాల కొలతలకి వచ్చారు. పన్నెండు జతల ఆర్డరు. మాస్టారు ఒక్కచోట నిలవడం లేదు, పీట ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. మధ్యలో గుండీని తెప్పించి బల్ల మీద పడుకోబెట్టి తన ప్రదర్శన మొదలుపెట్టాడు. పాదం టకటకలాడింది. అమ్మాయిలు పకపకా నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు.

“మాస్టారూ, ఇంకోసారి చేయండి,” అంది.

ఆయన ఉత్సాహంగా చేశాడు. ఆవిడ పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. పద్నాలుగు. రెండో పాదం తనే నొక్కింది. అదీ అంతే. పాపని రెండు చంకల కింద పట్టుకుని ఎత్తి చూసింది. తల పక్కకి వాలిపోయింది. గురక పెడుతుందా, చెమట పడుతుందా, నిద్రలో ఊపిరి ఆగి మళ్ళీ అందుకున్నట్టు ఉంటుందా అని అడిగింది.

“అన్నీ ఉన్నాయి,” అన్నాడు మాస్టారు, బహుమతులు లెక్కపెడుతున్నట్టు.

“ఇది పాప ఆడించే కాలు కాదు మాస్టారూ. దానంతటదే కొట్టుకుంటోంది, పాప ప్రమేయం లేదు. మెదడు నుంచి వెన్నులోకి దిగే నరాలు మెడ పైన నలుగుతున్నాయేమో. ఇలాంటి పిల్లలకి ఆ దారి పుట్టుకతోనే ఇరుకు. రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.”

మాస్టారు మొహం మాడిపోయింది. వెళ్ళి మిషన్ దగ్గర కూర్చుని తొక్కడం మొదలుపెట్టాడు. మిషన్ కింద గుడ్డ కూడా లేదు.

“అమ్మా, మీరు పుస్తకాల్లో చదివారు, నేను పుట్టి పెరిగాను. మా కొలత మనుషులం ఇంతే. నేనూ మెడ వాల్చే పడుకున్నాను, గురక పెట్టాను, తల ఆలస్యంగా నిలబెట్టాను. నాకేమైంది? కొట్టు నడుపుతున్నాను, మీ యూనిఫారాలు కుడతాను. నాకేం కాలేదు.”

టీచరమ్మ ఆసుపత్రిలో ఏ విభాగానికి వెళ్ళాలో కాగితం మీద రాసి, దాన్ని మాస్టారు చేతిలో కాకుండా ఆయన భార్య చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళకి తెలుసు కాగితాలు ఎక్కడ భద్రంగా ఉంటాయో.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. వెనక గది గుమ్మంలోకి వాళ్ళమ్మ వచ్చి నిలబడింది.

“నీకేం కాలేదని నీకెవరు చెప్పార్రా?”

మిషన్ ఆగిపోయింది.

“రెండుసార్లు నీకు ఊపిరి ఆగిపోయింది. ఒకసారి ఏడో నెలలో, ఒకసారి ఏడాది దాటాక. పెదాలు నీలంగా అయిపోయాయి. కాలు గిల్లి, వీపు తట్టి, నెత్తిన నీళ్ళు కొట్టి లేపాను. అప్పట్లో ఎవరిని అడగాలో కూడా నాకు తెలీదు. రెండేళ్ళు నీ గుండెల మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాను. మీ నాన్న వంట చేసేవాడు.”

“నాకెప్పుడూ చెప్పలేదేమే అమ్మా?”

“చెప్తే నువ్వు భయస్తుడివయ్యేవాడివి. అసలే ఊరంతా నిన్ను తక్కువగా చూస్తోంది, నిన్ను నువ్వు తక్కువ అనుకోకూడదనుకున్నా. అది నా తప్పేనేమో. నిన్న మధ్యాహ్నం గుండీ కూడా ఒకసారి ఊపిరి ఆపింది రా. గిల్లితే అందుకుంది. నాకిప్పుడు డెబ్బై ఏళ్ళు, ఈ చెయ్యి ఎంతసేపని మేలుకుంటుంది?”

మాస్టారు మూడు నెలలుగా కూతురి జబ్బుని వీధిలో ఊరేగించాడు. జనం చప్పట్లు కొడితే మురిసిపోయాడు. ఆ సంగతి తలకెక్కగానే ఆయన ఏడవలేదు, లేచాడు. రేపటిదాకా ఎవడాగుతాడు? పన్నెండు జతల గుడ్డ బల్ల మీద పరిచినట్టే ఉంది, కత్తెర తెరిచినట్టే ఉంది. మెడలో టేపు, చొక్కా జేబు అంచుకి గుచ్చిన సూదీ దారం, ఉన్న పళంగా పాపని ఎత్తుకుని టాక్సీ ఆపాడు. భార్య వెనకే పరిగెత్తింది, కాగితంతో.

ఆసుపత్రిలో పనులు మాస్టారు అనుకున్న దానికంటే చకచకా జరిగాయి. ఎమ్మారై తీశారు. ఒళ్ళంతా వైర్లు అంటించి పాప పగటి నిద్రని గంటన్నర సేపు మిషన్‌తో చూశారు. ఆ గంటన్నరలో ఊపిరి పదహారుసార్లు ఆగింది. మర్నాడు సర్జనమ్మ వాళ్ళిద్దరినీ పిలిచింది. కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకున్న యాభై ఏళ్ళ మనిషి, మాట సూటిగా ఉంటుంది.

“ఎలా చెప్తే అర్థమవుతుందా అని చూస్తున్నాను,” అంది.

“కుట్టుపనిలా చెప్పండి,” అన్నాడు మాస్టారు.

ఆవిడ తెరమీద బొమ్మ చూపించింది. పుర్రె అడుగున ఒక రంధ్రం ఉంటుంది, మెదడు కింది భాగం అందులోంచి వెన్నుపాముగా దిగుతుంది. ఊపిరి తీయమని చెప్పేది అక్కడే, కాళ్ళకీ చేతులకీ కబురు వెళ్ళేది కూడా అక్కడి నుంచే. మామూలుగా దాని చుట్టూ నీళ్ళు కదలడానికి ఖాళీ ఉంటుంది. గుండీకి ఆ ఖాళీ లేదు. నరం మధ్యలో నొక్కుకుపోయి సన్నగా కనిపిస్తోంది.

మాస్టారు కుర్చీ ఎక్కి నిలబడి తెరకి మొహం ఆనించి చూశాడు.

“మెడ బిగుతు,” అన్నాడు.

“అంతే. మెడ బిగుతు.”

“గుడ్డ మంచిదే. మెడ దగ్గరే తక్కువ కత్తిరించారు.”

“అవును మాస్టారూ. వెనక అంచు ఎముక కొంచెం తీసేస్తాం. దాని కింద మొదటి పూస వెనక భాగం కూడా. లోపలి నరానికి ఖాళీ దొరుకుతుంది.”

“ఎంత తీస్తారు?”

“మిల్లీమీటర్లలో. మైక్రోస్కోపు కింద, కొద్దికొద్దిగా. నీళ్ళు కదులుతున్నాయో లేదో మధ్యలో స్కానింగ్‌తో చూసుకుంటాం.”

“ఎక్కువ పోతే అతుకు వేయలేరు కదా.”

“వేయలేం. అందుకే తొందరపడం. రక్తం పోవచ్చు, లోపలి నీళ్ళు కారచ్చు, చీము పట్టచ్చు, మత్తు పడకపోవచ్చు. ఇవన్నీ అరుదు, కానీ లేవని చెప్పను. చేయకపోతే ఏదో ఒక రోజు నిద్రలో ఊపిరి ఆగి, మళ్ళీ అందుకోకపోవచ్చు.”

“మరి ఆ కాలు?” అని అడిగింది భార్య.

“నొక్కుడు తీసేస్తే చాలామంది పిల్లలకి బలం వస్తుంది. పాదం అలా కొట్టుకోవడం తగ్గితే మంచి గుర్తు. వారాలు పట్టచ్చు. పూర్తిగా ఆగుతుందని నేను మాటివ్వలేను.”

మాస్టారు సంతకం చేశాడు. ఎన్నో చొక్కాల మెడలు కత్తిరించిన చెయ్యి అది.

నాలుగో రోజు పొద్దున ఏడున్నరకి గుండీని లోపలికి తీసుకెళ్ళారు. వెయిటింగు హాల్లో కుర్చీలు ఎత్తుగా ఉన్నాయి. మాస్టారు ఎక్కి కూర్చుంటే కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. ఆయనకి కాలికింద పెడల్ లేకపోతే మనసు నిలవదు. దిగాడు, నడిచాడు, మంచినీళ్ళు తాగాడు, గోడ మీద నోటీసులన్నీ చదివాడు, ‘నిశ్శబ్దం పాటించండి’ అన్నది గట్టిగా చదివాడు. తర్వాత కిటికీ తెర కంటపడింది. కింద అంచు జానెడు ఊడిపోయి నేల మీద ఈడుస్తోంది.

జేబు అంచున సూది ఉండనే ఉంది. కింద కూర్చుని కుట్టడం మొదలుపెట్టాడు. ఆ తెర అయ్యాక పక్క తెర చూశాడు. అదీ అదే బాపతు. దారం అయిపోతే భార్య తన సంచిలోంచి ఇంకో రీలు తీసి ఇచ్చింది. వాచ్‌మన్ వచ్చాడు.

“ఏంటయ్యా ఇది, ఎవరు చెయ్యమన్నారు?”

“ఎవరో ఒకరు అడిగేదాకా ఆగితే ఈ తెరలు రేపు నీ కాళ్ళకి చుట్టుకుంటాయి. ఆ స్టూలు ఇటు జరుపు.”

వాచ్‌మన్ స్టూలు జరిపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చూడ్డం మొదలుపెట్టారు. ఒకావిడ తన మనవడి చొక్కా గుండీ ఊడిందని తెచ్చింది, ఇంకొకాయన సంచి పట్టీ తెచ్చాడు. మాస్టారు కుడుతున్నాడు, మాట్లాడుతున్నాడు, మధ్యమధ్యలో తలుపు వైపు చూస్తున్నాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ సూది వేల్లో గుచ్చుకుంటోంది.

నాలుగు గంటలకి పైనే గడిచాక సర్జనమ్మ బయటికి వచ్చింది. మాస్టారు స్టూలు మీద నిలబడి ఏడో తెర పట్టుకుని ఉన్నాడు.

“మాస్టారూ, మీ పని అయిందా?” అంది.

“మీదయిందా?”

“అయింది. వదులయింది. నీళ్ళు చక్కగా కదులుతున్నాయి.”

మాస్టారు స్టూలు మీద నుంచి దిగలేదు, ఊడిపడ్డాడు. తర్వాత ఆయన చేసిన గోలకి ‘నిశ్శబ్దం పాటించండి’ కింద కూర్చున్న వాచ్‌మన్ కూడా చప్పట్లు కొట్టాడు.

ఆపరేషనైన మూడో రోజు పాపని వార్డుకి మార్చారు. మెడ వెనక చిన్న కట్టు. తల్లి పక్కన పడుకుని మధ్యాహ్నం నిద్రపోయింది. మాస్టారు గుమ్మంలోకి వచ్చి అడుగు ఆపేశాడు. గురక లేదు. తొమ్మిది నెలలుగా ఆ చప్పుడు వింటూ బతికినవాడు, గది అంత నిశ్శబ్దంగా ఉండేసరికి పరిగెత్తుకెళ్ళి పాప ముక్కు కింద వేలు పెట్టాడు. వెచ్చగా తగిలింది, పోయింది, మళ్ళీ తగిలింది. తల కింద గుడ్డ పొడిగా ఉంది.

“ఇదిగో, లే. దీనికి చప్పుడే లేదు చూడు,” అని భార్యని లేపాడు.

“చప్పుడు లేదని లేపుతారా ఎవరైనా,” అంది ఆవిడ. కానీ లేచి కూర్చుంది. ఇద్దరూ గంటసేపు ఆ నిశ్శబ్దం వింటూ కూర్చున్నారు, రేడియోలో పాటలు విన్నట్టు.

అంతా బాగుంది, కాలొక్కటే మిగిలింది. రెండు వారాలకి కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సర్జనమ్మ పాదం నొక్కింది. కొట్టుకుంది. తొమ్మిది. మాస్టారు మొహం చూసి, “ఓపిక పట్టండి,” అంది. అంతే, ఆ రోజు నుంచీ ఆయన ఆ పాదాన్ని ముట్టుకోవడం మానేశాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు కూడా. నొక్కితే మళ్ళీ కొట్టుకుంటుందేమోనని భయం. ఎవరూ నొక్కకపోతే అది లోలోపల మానుకుంటుందని ఒక పిచ్చి లెక్క. పాపకి మందపాటి మేజోళ్ళు కుట్టి తొడిగాడు. పాత పెయింటర్నే పిలిచి ఇంకో బోర్డు రాయించి బల్ల పైన తగిలించాడు. ‘పాప పాదం నొక్కరాదు.’ కొలతలకి వచ్చినవాళ్ళు అది చదివి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాళ్ళు.

ఈలోపు గుండీ తల నిలబెట్టింది. ఆ రోజు మాస్టారు కొట్టు కట్టేసి ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. నర్సింగ్ స్కూలుకి వెళ్ళి పన్నెండు జతల యూనిఫారాలు ఇచ్చి, టీచరమ్మకి మాత్రం పదమూడో జత చేతిలో పెట్టాడు. “మీ కొలత అడగలేదు. ఆ రోజు కోపంలో కూడా చూసుకున్నాను,” అన్నాడు. సరిగ్గా సరిపోయింది.

రెండు నెలలు గడిచాయి. పాలబూత్ పెద్దాయన అన్నాళ్ళూ ఊళ్ళో లేడు, కూతురి దగ్గరుండి కంటి ఆపరేషన్ చేయించుకుంటున్నాడు. ఈ గొడవేదీ ఆయనకి తెలీదు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే పాలపాకెట్టు పట్టుకుని వచ్చాడు. నల్ల కళ్ళద్దాలతో బోర్డు ఎక్కడ చదువుతాడు? గుండీ బల్ల మీద దిండుకి ఆనుకుని కూర్చుని, రీలు చప్పరిస్తోంది. ఎండగా ఉందని వాళ్ళమ్మ మేజోళ్ళు తీసేసింది. పెద్దాయన నేరుగా వెళ్ళి పాదం చటుక్కున పైకి తోసి పట్టుకున్నాడు.

“ఏదమ్మా, తొక్కు.”

మాస్టారు అప్పుడే పీట మీద ఉన్నాడు, ఒకాయన భుజాల చుట్టూ టేపు పట్టుకుని. కాజా కుడుతున్న భార్య చేతిలో సూది ఆగింది. వెనక గదిలో గుండీల గలగల ఆగింది.

పాదం కదల్లేదు.

పెద్దాయన ఇంకోసారి నొక్కాడు. కదల్లేదు. రెండో పాదం పట్టుకున్నాడు. అదీ రాయిలా ఉంది. మూడోసారి నొక్కబోతే గుండీకి విసుగొచ్చింది. కాలు తనంతట తానే వెనక్కి లాక్కుని, ఎగరేసి, ఆయన చేతి మీద ఒక్క తన్ను తన్నింది.

“ఇదేంటి మాస్టారూ,” అన్నాడు పెద్దాయన, పాపం చిన్నబుచ్చుకుని. “మీ పిల్ల మిషన్ తొక్కడం మర్చిపోయిందే.”

మాస్టారు పీట మీద నుంచి ఎలా దిగాడో ఆయనకే తెలీదు. కస్టమరు మెడలో టేపు అలాగే ఉండిపోయింది. పెద్దాయన్ని నడుం దగ్గర కావలించుకుని, వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు.

“మర్చిపోయిందండీ. మా గుండీ మిషన్ తొక్కడం మర్చిపోయింది. శుభ్రంగా మర్చిపోయింది.”

నవ్వుతున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకునే తీరిక లేదు. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. పెద్దాయన కొట్టులో నిలబడి, ఇంత మతిమరుపుకి ఇంత సంబరమేంటో తెలియక, పాలపాకెట్టు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

మాస్టారు రొప్పుతూ తిరిగొచ్చి తన మిషన్ ముందు బల్ల మీద కూలబడ్డాడు. అప్పుడు వాళ్ళమ్మ వెనక గదిలోంచి వచ్చింది. మనవరాలి పాదం తనూ ఒకసారి నొక్కి చూసుకుంది. తర్వాత కొడుకు ముందు నేల మీద చతికిలబడి, నలభై ఏళ్ళ వాడి పాదాన్ని పెడల్ దిమ్మ మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, అరికాలి కింద వేళ్ళు పెట్టి పైకి తోసి, అదీ కొట్టుకుంటుందేమోనని చూస్తూ చాలాసేపు అలాగే పట్టుకుంది.